అంతోనియో దె నెబ్రిహా: స్పానిషు భాషకు తొలి వ్యాకరణము రచించిన ఉపాధ్యాయుడు

వ్యాకరణపు గంట కొట్టినంతనే మన విద్యార్థులలో పెక్కుమంది మొగములు చిన్నవగుట మే మెఱుగుదుము. గణితమన్న ఉపయోగము కలదు. భూగోళమన్న లోకజ్ఞానము కలుగును. ఇంగ్లీషన్న ఉద్యోగమునకు దారి చూపును. తల్లి యొడిలో నేర్చి, వీధిలో ఆడుచు పాడుచు మాటలాడు భాషకు మరల సూత్రము లేల, ఉదాహరణము లేల యని బాలురు తమలో తామును, ఒక్కొక్కప్పుడు తల్లిదండ్రులు మాతోను అనుచుందురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఐదువందల యేండ్లకు పూర్వము స్పెయిను దేశమునేలిన ఒక రాణి యీ ప్రశ్ననే ఒక ఉపాధ్యాయుని అడిగెను. ఆయన పేరు అంతోనియో దె నెబ్రిహా. నేడు లోకమునందలి యనేక విశ్వవిద్యాలయములలో స్పానిషు భాషను, వాఙ్మయమును, భాషాశాస్త్రమును చదువు విద్యార్థులు తమ చదువు ప్రారంభమునందే యీయన పేరు వినెదరు. ఆయన జీవితమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

స్పెయిను దేశపు దక్షిణభాగమున ఆండలూసియా యను సీమ కలదు. అందు గ్వాదల్కివీర్ నది సముద్రమున కలియు పల్లపు భూములకు చేరువగా, సెవిల్ నగరమునకు దక్షిణముగా, లెబ్రిహా యను చిన్న పట్టణ మున్నది. రోమనుల కాలమున దీనికి నెబ్రిస్సా యని పేరు. ఈ యూరిలో 1444వ సంవత్సర ప్రాంతమున మన కథానాయకుడు జన్మించెను. చిన్ననాటి పేరు అంతోనియో మార్తీనెస్ దె కాలా. పండితుడైన పిమ్మట ఆయన తన యూరి ప్రాచీన నామమునే యింటిపేరుగా గైకొని, ముందర ఏలియస్ అను రోమక నామమును చేర్చుకొనెను. ఊరి పేరు ఇంటిపేరగుట మన తెలుగువారికి వింత కాదు. తాను పుట్టిన మట్టిపై పూర్వము లాటిను మాటలాడినవారు నడచిరనియు, ఆ విద్యకు తాను వారసుడననియు లోకమునకు తెలుపుటకే ఆయన యిట్లు చేసెనని మాకు తోచుచున్నది.

ఊరిలో తొలిచదువు ముగిసిన పిదప, ఇంచుమించు పదునైదేండ్ల ప్రాయమున, ఆయన సలమాంకా విశ్వవిద్యాలయమునకు పోయెను. ఈ విద్యాలయమును 1218వ సంవత్సరమున లెయోన్ రాజైన తొమ్మిదవ అల్ఫోన్సో స్థాపించెను. నేటికిని నడచుచున్న స్పెయిను విశ్వవిద్యాలయములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమైనది. అచ్చట ఆయన ఐదేండ్లు చదివెను. గణితమును అపొలోనియో యొద్దను, ప్రకృతిశాస్త్రమును పాస్క్వల్ దె అరాండా యొద్దను, నీతిశాస్త్రమును పెద్రో దె ఓస్మా యొద్దను నేర్చెను. వీరందఱు తమతమ శాస్త్రములందు గట్టివారే. కాని వారు చెప్పు పాఠములు వినుచున్నకొలది ఆ బాలునకు ఒక లోపము కనబడజొచ్చెను. ఆ కాలమున పాఠములు, వాదములు, పరీక్షలు అన్నియు లాటిను భాషలోనే జరుగుచుండెను. ఆ లాటినేమో శతాబ్దముల నోళ్లలో నలిగి, తప్పులతో నిండి, ప్రాచీన గ్రంథముల భాషకు దూరమైపోయెను. గురువులకు విషయము తెలియును గాని, తెలిసినదానిని చక్కగా చెప్పు భాష లేదని ఆయన నిశ్చయించుకొనెను. భాష చెడినచో శాస్త్రములు చెడుననుట ఆయన జీవితమంతయు విడువని నమ్మకము.

మఱియొక సంగతి కూడ మనము గుర్తుంచుకొనవలెను. సలమాంకా వీథులలో, అంగళ్లలో, విద్యార్థుల వసతిగృహములలో వినబడు భాష కాస్టిలియను. దానినే నేడు మనము స్పానిషు అని పిలుచుచున్నాము. ఆ భాషలో అప్పటికే పాటలును, చరిత్రలును, రాజశాసనములును కలవు. అయినను విశ్వవిద్యాలయమున దానికి పీఠము లేదు, గురువు లేడు, పాఠ్యగ్రంథము లేదు. దానిని చదువదగిన వస్తువుగా ఎవరును తలంపలేదు. నేడు పట్టపరీక్షలకు పాఠ్యముగా నున్న భాష ఆనాడు తరగతిగది గుమ్మము బయటనే నిలిచియుండెను.

1463లో నెబ్రిహా, పందొమ్మిదేండ్ల వయస్సున, ఇటలీ దేశమునకు బయలుదేరెను. అచ్చట బొలోన్యా నగరమున స్పెయిను విద్యార్థుల కొఱకు కార్డినల్ అల్బొర్నోస్ పదునాలుగవ శతాబ్దమున ఏర్పఱచిన కళాశాలలో ఆయనకు స్థానము దొరకెను. ఇటలీకి పోవు వారిలో పెక్కుమంది న్యాయశాస్త్రపు పట్టమును గాని, మఠములనుండి వచ్చు ఆదాయమును గాని కోరిపోవుచుండిరి. తాను మాత్రము స్వదేశమునందు మఱుగుపడిన లాటిను గ్రంథకర్తలను మరల వారి స్థానమునకు తెచ్చుటకై పోయితినని ఆయన తరువాత వ్రాసికొనెను. ఆ కాలమున ఇటలీ పండితులు ప్రాచీన గ్రంథముల ప్రతులను వెదకి, పోల్చి, తప్పులు దిద్దుచుండిరి. లొరెంసో వల్లా యను మహాపండితుడు అప్పటికి గతించియున్నను, ఆయన గ్రంథములు ఎల్లరి చేతులలో నుండెను. ప్రతి పదమును దాని కాలమునకు, దాని ప్రయోగమునకు తగినట్లు పరిశీలించి అర్థము నిర్ణయింపవలెనను పద్ధతిని నెబ్రిహా అక్కడ నేర్చెను. గ్రీకు భాషను కూడ అభ్యసించెను.

1470లో స్వదేశమునకు మరలివచ్చి, సెవిల్ నగరపు ఆర్చిబిషప్ అలోన్సో దె ఫొన్సేకా కొలువున కొంతకాలముండెను. 1473లో ఫొన్సేకా గతించెను. అంతట నెబ్రిహా సలమాంకా చేరి, 1475లో అచ్చట బోధింప నారంభించి, మఱుసటి యేడు వ్యాకరణ పీఠమును పొందెను. దేశమంతటను పేరుకొనిపోయిన అజ్ఞానమును ఆయన ఒక శత్రుసేనగా భావించెను. శత్రువుయొక్క ప్రధాన దుర్గమును ముందు పట్టినచో తక్కిన కోటలు తామే లొంగునను తలంపుతో, పండితులకు నిలయమైన సలమాంకానే తన తొలి యుద్ధభూమిగా ఎన్నుకొనెను. వయసులోనే యుండి, తమ బోధనాపద్ధతి తప్పని బాహాటముగా చెప్పు ఈ నూతనోపాధ్యాయుని చూచి తోటివారెట్లు సంతసింతురు? ఆయనకు విరోధులు తొలినాటినుండియే కలిగిరి.

1481లో ఆయన రచించిన లాటిను వ్యాకరణప్రవేశము సలమాంకాలో అచ్చుపడెను. స్పెయినున అచ్చుయంత్రము అడుగుపెట్టి అప్పటికి పదియేండ్లు మాత్రమే యయ్యెను. పూర్వపు వ్యాకరణములు ఛందోబద్ధములై, అర్థము తెలియకయే వల్లెవేయుటకు తగినవిగా నుండెను. నెబ్రిహా గ్రంథము సూత్రమును సులభముగా చెప్పి, ప్రాచీన కవుల ప్రయోగములతో దానిని స్థాపించెను. అది చేతినుండి చేతికి పోయి, అనేక పర్యాయములు పునర్ముద్రణము పొందెను. కడకు స్పెయిను బాలురు లాటిను వ్యాకరణమునకు ఆయన పేరే పెట్టి పిలువసాగిరి. కొంతకాలమునకు ఇసబెల్లా రాణి కోరికపై ఆ గ్రంథమునే లాటినును కాస్టిలియనును ప్రక్కప్రక్కన నిలిపి మరల ప్రకటించెను. పురుషుల సాయము లేకయే సన్యాసినులును ఇతర స్త్రీలును లాటిను నేర్వవలెనని రాణి కోరిక. ఈ పనియే ఆయన జీవితమున పెద్ద మలుపని మేము తలంచుచున్నాము. రెండు భాషలను ఒకే పుటపై ఎదురెదురుగా నుంచినప్పుడు, చిన్నదని యెంచబడు భాషకును తనదైన కట్టుబాటు కలదని కన్నులున్నవానికి కనబడక మానదు.

ఇంతలో ఆయన వివాహమాడెను. భార్య ఇసబెల్ దె సోలీస్. వివాహముతో మఠాదాయములపై ఆశ పోయెను, సంసారము పెరిగెను. దినమున పెక్కు గంటలు పాఠములు చెప్పుటతోనే కాలము గడచిపోవుటచే, తలపెట్టిన గ్రంథములు వ్రాయుటకు తీరిక లేకుండెను. అందువలన 1487లో సలమాంకాను విడిచి, ఆల్కాంతరా వీరసంఘమునకు అధిపతియైన హువాన్ దె సూన్యిగా ఆశ్రయమున ఎస్త్రెమదూరా సీమకు పోయెను. ఈ ప్రభువు విద్వాంసుల నాదరించినవాడు. యూదు జ్యోతిశ్శాస్త్రవేత్తయైన అబ్రహాం సకూతో కూడ ఆయన ఆదరణ పొందినవాడే. సకూతో రచించిన గ్రహగణితమే తరువాత వాస్కో డ గామా మన దేశమునకు వచ్చిన యాత్రకు ఉపకరించెను. ఈ యాశ్రయమున నెబ్రిహాకు దొరకిన తీరిక ఫలమే 1492లో వెలువడిన రెండు గ్రంథములు.

1492వ సంవత్సరము స్పెయిను చరిత్రలో మఱపురానిది. జనవరి 2వ తేదీన గ్రనాడా నగరము ఇసబెల్లా, ఫెర్డినాండుల వశమయ్యెను. మార్చి నెలలో యూదులు మతము మార్చుకొనుటయో దేశము విడుచుటయో చేయవలెనను కఠినశాసనము పుట్టెను. వేలకొలది కుటుంబములు ఇండ్లువాకిండ్లు విడిచి పోయినవి. సకూతోయు వారిలో నొకడు. ఆగస్టు 3వ తేదీన కొలంబస్ మూడు ఓడలతో పశ్చిమమునకు సాగెను. సరిగా పదునైదు దినములకు, ఆగస్టు 18వ తేదీన, సలమాంకాలో నెబ్రిహా రచించిన కాస్టిలియను భాషావ్యాకరణము అచ్చు పూర్తియయ్యెను. లాటిను పదములకు కాస్టిలియను అర్థములిచ్చు నిఘంటువును ఆ సంవత్సరమే వెలువడెను.

ఆ వ్యాకరణము అచ్చుకాక పూర్వమే, రాణి సలమాంకాకు వచ్చినప్పుడు, ఆయన దాని మాదిరిని ఆమెకు సమర్పించెను. ఇసబెల్లా రాణి విద్య లేనిది కాదు. పెద్దవయస్సున పట్టుబట్టి లాటిను నేర్చినది. అయినను ఆ పుటలను చూచి ఆశ్చర్యపడి, తాను ఎఱిగిన భాషకే వ్యాకరణ మెందులకు, దీనివలన ప్రయోజనమేమి యని అడిగెను. పదమూడవ శతాబ్దమునందే కేతన తెలుగునకు తెలుగులో వ్యాకరణము వ్రాసియుండుటచే ఈ ప్రశ్న మనకు చిత్రముగా తోచవచ్చును. కాని ఆనాటి ఐరోపాలో వ్యాకరణమన్న లాటిను వ్యాకరణమే. నెబ్రిహా నోరు తెఱచులోపల ప్రక్కనున్న ఆవిలా బిషప్, రాణికి గురుతుల్యుడైన తలవేరా, ఆయనకు మాఱుగా సమాధానము చెప్పెను. రాణి అధికారము క్రిందికి అనేక జాతులు రాగలవనియు, వారు ఆమె శాసనములను ఆ శాసనముల భాషను గ్రహించుటకు ఈ గ్రంథము సాధనమగుననియు ఆ సమాధానపు సారాంశము.

నెబ్రిహా తన పీఠికలో ఈ సంగతిని చెప్పి, భాష రాజ్యమునకు ఎల్లప్పుడు తోడుగా నుండి, దానితో పెరిగి దానితో క్షీణించునని వివరించెను. హెబ్రీయుల, గ్రీకుల, రోమనుల చరిత్రలను దీనికి నిదర్శనములుగా చూపెను. ఈ మాటలు నేటి పాఠకునకు కొంత కష్టముగా నుండుట సహజము. రాజ్యముతో పోయిన భాష ఎన్ని ఇతరభాషల నోరు మూయించినదో అమెరికా ఖండపు చరిత్ర చెప్పుచున్నది. మేము దానిని దాచము. అయినను ఆయన పీఠికలో మఱి రెండు ప్రయోజనములు కూడ కలవు. నియమము లేక తరతరమునకు మాఱిపోవు భాషలో వ్రాసిన గ్రంథములు తరువాతివారికి బోధపడవు గనుక, దానికి స్థిరత్వము కలుగవలెననుట ఒకటి. తన భాషయొక్క నిర్మాణము నెఱిగినవాడు పరభాషను సులువుగా నేర్చుననుట రెండవది. ఈ రెండవ మాటను మన విద్యార్థులు ప్రత్యేకముగా గమనింతురు గాక.

ఆ గ్రంథమున ఐదు భాగములు కలవు. మొదటిది అక్షరములను, రెండవది అక్షరసముదాయములను ఛందస్సును, మూడవది పదములను, నాలుగవది వాక్యనిర్మాణమును గూర్చినవి. ఐదవది ఇతరభాషలవారు కాస్టిలియను నేర్చుకొనుటకై వ్రాయబడినది. మొదటి భాగమునందు ఆయన చెవితో భాషను వినెను. కాస్టిలియనులో ఇరువదియాఱు ధ్వనులు కలవనియు, లాటినునుండి తెచ్చుకొన్న అక్షరములు వానికి చాలవనియు, ఒక ధ్వనికి ఒకే అక్షరము, ఒక అక్షరమునకు ఒకే ధ్వని యుండుట న్యాయమనియు వాదించెను. అచ్చునకును హల్లునకును వేర్వేఱు గుర్తులు గల తెలుగు చదువరికి ఇది సామాన్యముగా తోచును. కాని ఆ కాలపు స్పానిషు వ్రాతలో ఉకారమునకును వకారమునకును ఒకే అక్షరము చాలుచుండెను.

మూడవ భాగములో ఆయన సూక్ష్మదృష్టి మఱింత విశదమగును. లాటినులో లేని ఎల్, లా యను చిన్నపదములు, నామమునకు ముందు నిలుచునవి, కాస్టిలియనులో ఉన్నవి. లాటిను చట్టములోనికి బలవంతముగా త్రోయక, ఆయన వీనిని ప్రత్యేకమైన భాషాభాగముగా అంగీకరించి, మొత్తము పది భాషాభాగములను చెప్పెను. అంతకంటె గొప్ప విషయము భవిష్యత్ క్రియను గూర్చి కనుగొన్నది. ప్రేమించుటకు అమర్ అని పేరు. కలిగియున్నాను అనుటకు ఏ యని ప్రయోగము. ప్రేమింతును అనుటకు అమరే. అనగా చూచుటకు ఒక్క పదమువలె నున్న ఈ రూపము రెండు పదములు అతుకుకొనగా ఏర్పడినదని ఆయన గుర్తించెను. నిత్యము నాలుకపై నాడు మాటలో దాగియున్న ఈ కీలును లక్షలమంది పలికిరి. చూచినవాడు మాత్రము ఆయన. నేటి భాషాశాస్త్ర విద్యార్థులు ఈ సత్యమునే తమ పాఠ్యగ్రంథములలో చదువుచున్నారు.

మఱి మూడేండ్లకు, 1495 ప్రాంతమున, కాస్టిలియను పదములకు లాటిను అర్థములు చెప్పు మఱియొక కోశమును ప్రకటించెను. అందు కనోవా యను మాట కలదు. ఒకే మ్రానును తొలిచి చేసిన పడవకు కరిబియను దీవులవారు పెట్టిన పేరిది. కొలంబస్ నావికులు మరలివచ్చి రెండు మూడేండ్లయినను కాకముందే ఆ దూరద్వీపపు మాట ఈ పండితుని పుస్తకమున స్థానము సంపాదించెను. ప్రాచీన రోమునకు దాసుడని ఆయనను నిందించువారు ఈ ఒక్క పదమును చూచిన చాలును. జనుల నోట పుట్టిన మాటను వెంటనే పట్టుకొను చెవి ఆయనకు కలదు.

ఇక ఆయన పడిన కష్టములను చెప్పవలెను. పదముల యర్థమును నిర్ణయించుట వ్యాకరణవేత్త పని గనుక, పదములున్న ప్రతి గ్రంథమునందును, అది న్యాయమైనను, వైద్యమైనను, వేదాంతమైనను, అతనికి ప్రవేశము కలదని నెబ్రిహా నమ్మెను. న్యాయశాస్త్ర పదములకు ఒక నిఘంటువు వ్రాసెను. ఆ పిమ్మట బైబిలు గ్రంథపు లాటిను ప్రతులను హెబ్రీ, గ్రీకు మూలములతో పోల్చి, లేఖకుల ప్రమాదమువలన దొరలిన తప్పులను గుర్తింప నారంభించెను. వేదాంత పట్టము లేని వ్యాకరణోపాధ్యాయుడు పవిత్రగ్రంథమును ముట్టుటయా యని కొందఱు కోపించిరి. మతవిచారణాధికారియగు దియేగో దె దేసా ఆయన వ్రాతప్రతులను స్వాధీనపఱచుకొనెను. ఆ కాలమున మతవిచారణయన్న ఎంతటివారికిని గుండె జలదరించెడిది. ఆయన గురువైన పెద్రో దె ఓస్మా 1479లోనే దోషిగా నిర్ణయింపబడి తన మతములను బహిరంగముగా ఉపసంహరించుకొనవలసి వచ్చెను. శిష్యుడు దాని నెఱుగును.

అయినను నెబ్రిహా మౌనము వహింపలేదు. తన పక్షమును సమర్థించుచు ఒక గ్రంథము వ్రాసి కార్డినల్ సిస్నేరోస్‌కు సమర్పించెను. విశ్వాసమునకు సంబంధించిన విషయములలో తాను తల వంచుదుననియు, కాని అక్షరము తప్పని కన్నులకు కనబడుచుండగా ఒప్పని చెప్పుట తనవలన కాదనియు అందలి భావము. 1507లో సిస్నేరోస్ స్వయముగా మతవిచారణకు ప్రధానాధికారి యయ్యెను. అంతటితో ఆయనకు ఆ భయము తప్పెను. ఆ పరిశోధనలలో ఏబది టిప్పణములు గల ఒక గ్రంథము 1516లో అచ్చయ్యెను.

అంతకుముందే, 1504లో సూన్యిగా ప్రభువు మరణించుటచే, ఆయన మరల సలమాంకాకు చేరియుండెను. అచ్చట 1513లో వ్యాకరణ ప్రధానపీఠము ఖాళీపడెను. ఆ విద్యాలయమున పీఠములకు అభ్యర్థులు పోటీపడుటయు, విద్యార్థులు సమ్మతు లిచ్చుటయు ఆచారము. డెబ్బదియేండ్లకు చేరువైన నెబ్రిహా పోటీలో నిలిచెను. స్పెయినున లాటినెఱిగిన ప్రతివాడును ఆయన పుస్తకము చదివినవాడే. అయినను సమ్మతులు లెక్కించునప్పటికి, ఆయనకంటె ఎంతయో చిన్నవాడైన వేఱొకరికి ఆ పీఠము దక్కెను. ఆ యవమానమును ముదుసలి గురువు మఱువలేదు. సలమాంకాను విడిచిపోయి, మరల అచ్చట బోధింపలేదు.

కార్డినల్ సిస్నేరోస్ అప్పటికి ఆల్కలా నగరమున ఒక క్రొత్త విశ్వవిద్యాలయమును నెలకొల్పియుండెను. ఆయన నెబ్రిహాను ఆదరముతో పిలిపించి, అలంకారశాస్త్ర పీఠమునిచ్చెను. ఆయన తనకు తోచిన పాఠము చెప్పవచ్చుననియు, చెప్పుటకు మనసు లేనిచో మానవచ్చుననియు, ఇచ్చు జీతము పనికి కూలి కాక స్పెయిను ఆయనకు పడిన ఋణమని యెంచవలెననియు కార్డినల్ ఆజ్ఞాపించినట్లు చెప్పుదురు. ఒక విద్యాలయము త్రోసివేసిన ఉపాధ్యాయునకు మఱియొక విద్యాలయము చేసిన గౌరవమిది. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఈ భాగము చదువునప్పుడెల్ల మనసు చెమ్మగిల్లును.

అయినను మేలు చేసినవానికొఱకైనను తాను సత్యమనుకొన్నదానిని నెబ్రిహా విడువలేదు. సిస్నేరోస్ హెబ్రీ, గ్రీకు, లాటిను పాఠములను ఒక్కచోట చేర్చి ఆఱు సంపుటములుగా బైబిలును ముద్రింపించుచుండెను. అందలి లాటిను పాఠమును మూలములనుబట్టి దిద్దవలెనని నెబ్రిహా కోరెను. వాడుకలోనున్న పాఠమును కదలింపరాదని కార్డినల్ పట్టుపట్టెను. తన పేరు పెట్టుకొని, తాను తప్పని యెఱిగినదానిని అచ్చువేయుటకు ఇష్టపడక, నెబ్రిహా ఆ పనినుండి తప్పుకొనెను. అట్లని ఇరువురి స్నేహము చెడలేదు.

1517లో, ఆ వృద్ధాప్యమున, ఆయన మరల తన తల్లిభాషను చేపట్టి స్పానిషు వర్ణక్రమమునకు నియమములు వ్రాసి ప్రకటించెను. పలుకునట్లే వ్రాయవలెననియు, వ్రాసినట్లే పలుకవలెననియు అందలి సిద్ధాంతము. ఆ సంవత్సరమే సిస్నేరోస్ గతించెను. 1522 జూలై నెలలో నెబ్రిహా ఆల్కలాలో దేహము చాలించెను. ఆయన మరణించునాటికి లాటిను వ్యాకరణము ప్రతి పాఠశాలయందును వెలయుచుండెను. కాని కాస్టిలియను వ్యాకరణము 1492 తరువాత ఒక్కమాఱైనను అచ్చుపడలేదు. ఆండలూసియావానికి రాజధాని భాష యేమి తెలియునని ఆక్షేపించిన వారును కలరు. ఇంచుమించు రెండువందల యేబది యేండ్లకు గాని, అనగా పదునెనిమిదవ శతాబ్దపు నడుమ గాని, దానికి పునర్ముద్రణము కలుగలేదు.

అట్లయినచో ఆ గ్రంథము నిష్ఫలమైనదా? కాదు. 1536లో పోర్చుగీసు భాషకును, 1586లో ఇంగ్లీషు భాషకును తొలి వ్యాకరణములు వెలువడెను; ప్రజల భాషకు వ్యాకరణము వ్రాయుట అప్పటికి వింత కాకపోయెను. సముద్రమున కావల, మెక్సికోలో నాహువాతల్ భాషకు 1547లో ఆంద్రేస్ దె ఓల్మోస్ వ్యాకరణము వ్రాసెను. పెరూలోని కెచువా భాషకు దొమింగో దె సాంతో తొమాస్ వ్రాసినది 1560లో అచ్చయ్యెను. ఈ మఠవాసులు నెబ్రిహా పద్ధతిని చేతపట్టుకొనియే పనికి దిగిరి. ఓల్మోస్ కొంతదూరము పోయి, ఈ భాషయొక్క స్వభావము వేఱు గనుక నెబ్రిహా క్రమము సర్వత్ర పనికిరాదని గ్రహించి, తన మార్గము మార్చుకొనెను. గురువు చూపిన పద్ధతిని గురువుకంటె ముందునకు కొనిపోయిన శిష్యత్వమిది. రాజ్యము పేరు చెప్పి బయలుదేరిన శాస్త్రము, రాజ్యము త్రొక్కివేసిన భాషలలో కొన్నింటి రూపమును కూడ మనకొఱకు వ్రాసియుంచినది.

స్వదేశమునను కాలక్రమమున ఆయన విత్తనము మొలచెను. 1713లో స్థాపితమైన స్పానిషు భాషాపరిషత్తు ఆ శతాబ్దముననే ఉకార వకారముల చిహ్నములను వేఱుపఱచి, 1771లో తన తొలి వ్యాకరణమును ప్రకటించెను. 1847లో చిలీ దేశమున ఆంద్రేస్ బెల్యో అను పండితుడు అమెరికావారి యుపయోగమునకై మఱియొక గొప్ప వ్యాకరణమును రచించెను. నేడు స్పానిషు ఇరువది స్వతంత్ర దేశములలో రాజ్యవ్యవహారభాషగా నున్నది. ఒకప్పుడు తరగతిగదిలోనికి రానేరని ఆ భాషను సలమాంకా విశ్వవిద్యాలయమునందే పలుదేశముల విద్యార్థులు వచ్చి చదువుచున్నారు. డెబ్బదియేండ్ల నెబ్రిహాకు పీఠము నిరాకరించిన చోటనే ఆయన గ్రంథము నేడు పాఠ్యవిషయము.

ఇప్పుడు రాణి యడిగిన ప్రశ్నకు మరలి వత్తము. బిషప్ ఇచ్చిన సమాధానము రాజులకు తగినది. ఆ రాజ్యము పోయి రెండు శతాబ్దములైనది. భాష మాత్రము నిలిచినది. నెబ్రిహా నోట చెప్పకుండ జీవితముతో చెప్పిన సమాధానము వేఱొకటి కలదని మా యభిప్రాయము. తెలిసినదనుకొన్న వస్తువును నిలిచి చూచువానికే అది నిజముగా తెలియును. దినమునకు వేయిమాఱులు పలుకు అమరే యను మాటలో రెండు మాటలున్నవని చూచినవాడు, పవిత్రగ్రంథపు ప్రతిలో ఒక అక్షరము తప్పియున్నదని చూచినవాడు, ఒకే కన్నుతో చూచెను. ఆ కన్ను ఆయనకు వ్యాకరణమే యిచ్చినది. ఆ చూపుకొఱకే ఆయన వ్రాతప్రతులను పోగొట్టుకొనుటకు, పీఠము నోడుటకు, ప్రభువు మాట కాదనుటకు సిద్ధపడెను.

ప్రియవిద్యార్థులారా, మీరు రేపు ఏ విశ్వవిద్యాలయమునకు పోయి ఏ భాషను చదువుదురో మే మెఱుగము. మీలో నొకరు స్పానిషు వాఙ్మయమునే చదువవచ్చును. అది యేదియైనను, ఇంటిలో మీ యమ్మ పలుకు ఒక మాటను తీసికొని, అది యెట్లు కట్టబడినదో ఒక్కమాఱు నిదానించి చూడుడు. వ్యాకరణపు గంట ఎందులకు కొట్టుచున్నారో అప్పుడు మీకే బోధపడును.